తమ్మిలేరు వెంట కొల్లేటి లంకకు

కొల్లేటి లంకలను పర్యాటక కేంద్రాలుగా తీర్చిదిద్దాలన్న మాట తరచూ వినిపిస్తుంది. కాటేజీలు, బోట్లు, రాత్రిపూట దీపకాంతులు అంటారే గానీ ఆ మాటల్లో ఏటి ఊసు రాదు. లంకను లంకగా నిలబెట్టేది చుట్టూ ఉన్న నీరు. ఆ నీటిని తెచ్చే ఏళ్లలో తమ్మిలేరు ఒకటి. ఖమ్మం జిల్లా మెట్టల్లో పుట్టి, చింతలపూడి మండలం నాగిరెడ్డిగూడెం జలాశయంలో కాసేపు ఆగి, నూజివీడు మామిడి సీమకు తూర్పున ముసునూరు మండలం మీదుగా సాగి, ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేరు సరస్సులో కలుస్తుంది. వానాకాలంలో పొంగి, వేసవికి ఇసుక తేలే ఏరు ఇది. దీన్ని బాగుచేయకుండా లంక మీద ఎన్ని కట్టినా అతిథికి చూపడానికి ఏమీ మిగలదు.

ఈ దారిలో అతిథికి కావలసినవన్నీ ఇప్పటికే ఉన్నాయి. ముసునూరు మండలం బలివేలో, తమ్మిలేరు ఒడ్డున, రామలింగేశ్వరుడికి శివరాత్రి తిరునాళ్లు జరుగుతాయి. అవి ముగిసీ ముగియకముందే ఫాల్గుణ శుద్ధ పాడ్యమి వస్తుంది. ఆ రోజు నుంచి పౌర్ణమి దాకా కొల్లేటికోట లంకలో పెద్దింట్లమ్మ జాతర. మొక్కులు, పొంగళ్లు, తెల్లవార్లూ జనసందడి: రాత్రి వినోదం కావాలన్నవారికి ఇంతకన్నా ఏం కావాలి? అప్పటికి నూజివీడు తోటల్లో రసాలు ఇంకా పండవు, కాయలు పుల్లగా ఉంటాయి. కొల్లేటి కొర్రమీను పులుసుకు కావలసింది ఆ పులుపే. మెట్ట తోట, పల్లపు చెరువు ఒకే గిన్నెలో కలుస్తాయి. చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ నిలిపిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. చిన్నరసాలు పండి చేతికొచ్చే మే నెలకు సరస్సు బాగా తగ్గిపోతుంది. అందుకే ఈ ప్రయాణానికి అదను చలికాలం నుంచి ఫాల్గుణం దాకానే. ఏడాది పొడవునా గిరాకీ ఉంటుందన్న లెక్కతో హోటళ్లు కట్టడం ఈ నీటి స్వభావం తెలియని పని.

ఆ నీటికి మనం చేస్తున్నదేమిటి? పట్టణాల మురుగు, పొలాల మందులు, చేపల చెరువుల వ్యర్థాలు అన్నీ చేరేది కొల్లేటికే. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అయినా చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేస్తూనే పోయాయి. 2005–06లో ఆ గట్లను పేల్చి కూల్చారు. కానీ పైనుంచి వచ్చే మురుగు ఆగలేదు, గట్లు కొన్నిచోట్ల మళ్లీ లేచాయి. వరదనీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవడమే కష్టమవుతోంది. సరస్సు తగ్గినప్పుడు అదే ఉప్పుటేరు వెంట ఉప్పునీరు ఎదురెక్కుతుంది. రామ్‌సర్ బోర్డు పెట్టిన చోటికే మురుగును పంపడం మన ప్రభుత్వాలకు తప్పుగా తోచకపోవడం క్షమించరానిది.

లంకల్లోని వడ్డీ కులపు జాలర్లకు చేపే బతుకు, పక్షుల పేరు చెప్పి వారి కడుపు కొట్టవచ్చా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. సహకార సంఘాల పేరిట మొదలైన చెరువులు చాలావరకు పెట్టుబడిదారుల చేతికి పోయాయి. కూల్చివేతల్లో ఎక్కువ నలిగింది మాత్రం పేదలే. అందుకే పర్యాటకం రావాలి, కానీ పడవ వారిదై, వంట వారిదై, ఆ రాబడి వారి సంఘాలకే చేరాలి. సౌకర్యాలు లేకపోతే ఎవరొస్తారన్నది రెండో అభ్యంతరం. ఏలూరు, కైకలూరు, నూజివీడు దగ్గర్లోనే ఉన్నాయి; బస అక్కడ చేసి, పగలు లంకకు వెళ్లి రావచ్చు. పక్షులు గూళ్లు కట్టే చోట రాత్రంతా దీపాలు, పాటల హోరు పెడితే, చూడవచ్చినదాన్నే తరిమేసినట్టవుతుంది. జాతర సందడి అమ్మవారి గుడి దగ్గర, ఏటా ఆ పక్షం రోజులదే. కాబట్టి కొల్లేటికోట పర్యాటకానికని కేటాయించే మొదటి రూపాయి లంక మీద కాదు, ఏలూరు మురుగునీటి శుద్ధి మీద, తమ్మిలేరు పాయల పూడికతీత మీద ఖర్చు కావాలి. ఆ పని చేయని ప్రభుత్వానికి కొల్లేటి పేరుతో అతిథులను పిలిచే అర్హత లేదు.