కోపంతో వండరాని వంట

మా అబ్బాయి ఇటలీలోని మిలాన్ నగరంలో ఎమ్మెస్ చదువుతున్నాడు. చదువు ముగిసిన పిదప అక్కడే ఉద్యోగం చూసుకొనదలచినట్లు మొన్నటి దసరానాడు ఫోనులో తెలిపాడు. ఆనాటి నుండి మా ఇంట మాటలు తగ్గాయి. ఇంట ఉన్నది మేమిరువురమే. అందులో ఒకరికి కోపం ఎక్కువ. ఆ ఒకరెవరో మా విభాగపు మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. రెండవవారు మాత్రం ప్రతి ఆదివారమూ ఫోను చేసి "ఏం తిన్నావు నాన్నా?" అని అడిగేవారు. తరచుగా వచ్చే సమాధానం ఒక్కటే: "పెన్నే అర్రాబియాటా".

వాడు తినేదేమిటో చూడాలన్న పట్టుదలతో ఒక ఆదివారం మేమే ఆ వంటకు పూనుకున్నాము.

ఇది రోము నగర ప్రాంతపు వంట. అర్రాబియాటా అంటే కోపగించినది అని అర్థం. ఎండుమిరప ఘాటును బట్టి వచ్చిన పేరు. పెన్నే అంటే కలాలు. గోధుమరవ్వతో చేసిన ఆ గొట్టాల కొసలు ఏటవాలుగా, పూర్వకాలపు ఈకకలం మొనవలె ఉంటాయి.

ఇద్దరికి 200 గ్రాముల పెన్నే, 400 గ్రాముల టమాటాలు, రెండు వెల్లుల్లి రేకలు, రెండు ఎండుమిరపకాయలు అని అబ్బాయి చెప్పాడు. రెండు కాయలు ఏ మూలకని ఎనిమిది గుంటూరు కాయలు వేశాము. పెద్దమంట మీద వెల్లుల్లి క్షణంలో నల్లబడింది. ఆ కోరుకు పక్క క్వార్టరువారు కిటికీలు మూసుకున్నారు. పెన్నే మెత్తబడేదాకా ఉడికించి, అన్నం వార్చినట్లు నీరంతా పారబోశాము. చివరకు పళ్లెంలో గొట్టాలు ఒక దారి, టమాటా రసం ఒక దారి. ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్నది పెరుగన్నమే.

లోపమెక్కడో తెలియక ఊరుకోవడం ఇంజనీరుకు చేతకాని పని. మూడు నెలల తరువాత తొలిసారిగా ఆ కోపిష్ఠి తానే ఫోను అందుకున్నారు. అవతల క్షణకాలం నిశ్శబ్దం. తరువాత, "నాన్నా, మంట ఎంత పెట్టారు?" అన్నాడు అబ్బాయి.

మరుసటి ఆదివారం వాడు చెప్పినట్లే చేశాము. చల్లని ఆలివ్ నూనెలోనే వెల్లుల్లి వేసి, సన్నని సెగపై బంగారు రంగు రానిచ్చాము. మిరపకాయలు రెండే. టమాటాలు దగ్గరపడేలోగా రెండు లీటర్ల ఉప్పునీటిలో పెన్నేను పలుకు మిగిలేటట్లు ఉడికించాము. ఈసారి ఆ గంజిని గరిటెడు దాచి టమాటాలో కలిపాము. అందులోని పిండిపదార్థమే నూనెను, రసాన్ని కలిపి గొట్టాలకు పట్టిస్తుంది. పార్స్‌లీ ఆకు దొరకక కొత్తిమీర చల్లాము. ఇక్కడ రాత్రి ఏడున్నర, అక్కడ మధ్యాహ్నం మూడు. వీడియోలో పళ్లెం చూసి, "రోములో ఈ కొత్తిమీర చూస్తే నిజంగానే కోపగిస్తారు" అని వాడు నవ్వాడు. చాలా రోజులకు మా ఇంట ముగ్గురి నవ్వు వినిపించింది.

భోజనాల వేళ మిరప మాట వచ్చింది. టమాటా, మిరప రెండూ అమెరికా ఖండాల పంటలే. 1492లో కొలంబస్ యాత్ర తరువాతనే ఐరోపాకు చేరాయి. మిరపను మన దేశానికి తెచ్చినవారు పోర్చుగీసువారు. అది విని మా ఇంటి శాంతమూర్తి, "మరి మిరపకాయ పరాయిదంటే మన గుంటూరువారు ఒప్పుకుంటారటండీ? వాడెక్కడుంటేనేం, వేళకు తింటున్నాడు, మనకు ఫోను చేస్తున్నాడు" అన్నారు. అవతలివారి వద్ద జవాబు లేకపోయింది.

ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. అభిప్రాయభేదమూ పూర్తిగా పోలేదు. అయితే ఇప్పుడు ఆదివారం ఫోను ఇద్దరమూ మాట్లాడుతున్నాము. పాఠకులలో ఎవరైనా ఈ వంట ప్రయత్నించదలిస్తే మా అనుభవం ఇంతే: సెగ తగ్గించండి, గంజి పారబోయకండి.