ఏ పడవ ఎక్కాలి?

నంద్యాల, ఆళ్లగడ్డ వాసులమైన మాకు కుందూ నదిలో గాలం వేయడం తెలుసుగాని సముద్రం కొత్త. మచిలీపట్నం వెళ్లి, ఒకరోజు పడవలో గాలానికి సీసపు గుండు కట్టి లోతున చేపలు పట్టాలని మా పిల్లల కోరిక. వేసవి సెలవుల్లో అది కుదరదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మన తీరంలో మరపడవల వేట నిషేధం. కనుక సంక్రాంతి సెలవులకు వాయిదా వేసుకున్నాము.

తక్కువ బాడుగ పడవ చాలునన్నారు మాలో కొందరు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి ఎన్నో కుటుంబాలు కన్నీటి పాలైనది గుర్తు చేసుకున్నాము. తలకొక లైఫ్ జాకెట్ ఉండాలి, పరిమితికి మించి ఎక్కించకూడదు, గాలి మారితే "ఈ రోజు వద్దు" అనగల సరంగు కావాలి అని తీర్మానించుకున్నాము.

ప్రియమైన తల్లిదండ్రులారా, పిల్లలు అలిగినా ఫరవాలేదు. అందరమూ ఇల్లు చేరడమే ముఖ్యం.