దిద్దుబాటుకి దిద్దుబాటు

నవలలేవో రాసుకునేదాన్ని, నాకీ పరిశోధన వ్యాసాల యావ ఎందుకు చెప్పండి! తొలినాటి తెలుగు కథల్లో ఇల్లాళ్ళ గురించి రాసి పంపాను. పత్రికవాళ్ళు దాన్ని పేర్లు చెప్పని ఇద్దరు పండితుల చేతిలో పెట్టారట. నాలుగు నెలలకి తిరిగొచ్చింది, పదకొండు ఆక్షేపణలతో.

"తొలి తెలుగు కథ 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' అన్నారు. 1902లో 'హిందూసుందరి'లో వచ్చిన భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' చూశారా?" అని మొదటిది.

ఒళ్ళు మండింది. బి.ఏ.లో మాకు చెప్పిందదేనాయె! ఘాటుగా జవాబు రాసి మావారికి వినిపించాను.

"ఇంతకీ ఆ కథ చదివావా?" అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండా.

చదవలేదు. ఆ రాత్రే సంపాదించి చదివాను. దారితప్పబోయిన మొగుణ్ణి పెళ్ళాం దిద్దుకోవడమే అందులోనూ కథ! ఆడవాళ్ళమీద రాస్తూ ఆవిడనే వదిలేశానా? సిగ్గేసింది.

మర్నాడు ఒక్కో ఆక్షేపణకీ అంకె వేసి, కింద జవాబు రాస్తూ కూర్చున్నాను. "మీరన్నది నిజం. మూడో పేజీలో మార్చాను." ఈ రెండు ముక్కలకీ గంట పట్టింది. "శైలి నవలలా ఉంది" అన్న రెండోవారి మాట మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకో మర్యాదగానే రాశాను.

ఆ ఘాటు ఉత్తరం చింపలేదు లెండి. బీరువాలో చీరల కింద ఉంది, ఏ నవలకైనా పనికొస్తుందని.