మా కారుకి నత్తి వచ్చిన రోజులు

పోయిన ఆషాఢంలో మా కారుకి నత్తి పట్టుకుంది. ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు. పొద్దున్నే తాళం తిప్పితే బాగానే అందుకునేది. గేటు దాటి వీధి మలుపు తిరిగేసరికి తడబాటు మొదలు. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకి పోవాల్సింది పోయి, ఎక్కిళ్ళు వచ్చిన చంటిపిల్లలా ఒళ్ళంతా కుదుపుకునేది. ఓ పదిహేను, ఇరవై నిమిషాలకి ఏమీ ఎరగనట్టు బుద్ధిగా నడిచేది.

అది పదకొండేళ్ళ పెట్రోల్ కారు. మావయ్య గారికి రెండేళ్ళ కిందట గుండెకి స్టెంట్ వేశారు. అప్పట్నించీ నెలకోసారి శ్రీకాకుళం తీసికెళ్ళి చూపించాలి. మా వారిది బడి ఉద్యోగం, ఊరికే సెలవు దొరకదు. బస్సు కుదుపులకి మావయ్య గారు తట్టుకోలేరు. అంచేత నలభై రెండో ఏట నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. నేర్చుకున్న కొత్తలో పాతపట్నం అంతా నన్ను చూడ్డానికే బయటికి వచ్చిందనిపించేది, అది వేరే కథ.

ఆ నెల హాస్పిటల్‌కి వెళ్తుంటే సరవకోట దాటాక వాన పట్టుకుంది. సన్న జల్లు కాదు, వైపర్లు ఆపలేని వాన. ఎదురుగా గ్రానైట్ బండల లారీ, వెనక ఇంకో లారీ. పక్కకి తప్పుకుందామని యాక్సిలరేటర్ తొక్కానో లేదో బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. వెనక లారీవాడి హారన్ నా వెన్నులోకి దిగింది. చేతులు వణుకుతుంటే తాళం తిప్పుతూనే ఉన్నాను. మావయ్య గారు మాత్రం నింపాదిగా, "కంగారు పడకే తల్లీ, దానికి ఆయాసవొచ్చినాది. కాసేపు ఊరుకో" అన్నారు. ఆయాసం సంగతి ఆయనకి తెలిసినట్టు మనకెవరికి తెలుసు?

ఆ రోజు ఎలాగో వెళ్ళొచ్చాం. మర్నాడు కారుని ఓ పెద్ద షెడ్డుకి పట్టుకెళ్ళాం. పేరెందుకు లెండి. స్టీరింగ్ కింద ఓ చిన్న యంత్రం గుచ్చి, తెర మీద ఏదో చూసి, "ఫ్యూయల్ పంపు పోయిందండీ, మొత్తం సెట్టు మార్చెయ్యాలి, కూలితో కలిపి 9,500 అవుద్ది" అన్నాడు అక్కడి కుర్రాడు. నాకో అలవాటుంది. రక్తపరీక్ష కాగితం దగ్గర్నించి కరెంటు బిల్లు దాకా దేన్ని చూసినా ఫోన్లో ఫోటో తీస్తాను. ఆ తెరని కూడా తీశాను.

9,500 అంటే మా అమ్మాయి హాస్టల్ ఫీజు కోసం పక్కన పెట్టిన డబ్బులో సగానికి పైన. మా వారు ఇచ్చేద్దామన్నారు. "వాళ్ళు రోజూ ఎన్ని కార్లు చూస్తారు! నీకు తెలుసా, వాళ్ళకి తెలుసా?" అన్నారు. మీ ఇళ్ళల్లో కూడా వినబడే మాటే. "వారం రోజులు ఆగండి, పంపు ఎక్కడికీ పోదు" అన్నాను. ఆయన నవ్వి, "అయితే నీలమణి దుర్గమ్మకి ఓ కొబ్బరికాయ కూడా కొట్టేసి రా" అన్నారు. కొట్టొచ్చాను.

తర్వాత పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో గీతలు గీసుకున్నాను. తేదీ, వాన ఉందా లేదా, ట్యాంకులో పెట్రోలు ఎంత, ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, తడబడిందా లేదా. రోజూ రెండుసార్లు వీధి చివరిదాకా తిప్పి రాసేదాన్ని. పక్కింటి పిన్ని గారు "ఏటమ్మా, ఏవైనా పరీక్షకి కడుతున్నావా?" అని అడిగారు కూడా. వాళ్ళబ్బాయి మాత్రం "ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కదక్కా, అది నీళ్ళు పీల్చుకుంటాది, అదే అయ్యుంటాది" అన్నాడు. అదీ రాసుకున్నాను.

తొమ్మిది రోజులయ్యాక పుస్తకం తిరగేస్తే నాకే ఆశ్చర్యం వేసింది. తడబడినవన్నీ వాన కురిసిన పొద్దులే, లేదా రాత్రి తడిసి తెల్లారిన పొద్దులే. మధ్యాహ్నం మండుటెండలో ఒక్కసారీ లేదు. ట్యాంకు నిండుగా ఉన్న రోజూ తడబడింది, అడుగంటిన రోజూ తడబడింది. ఇదేం పంపు, వాన చూసి మారాం చేస్తుంది?

రెండోది వంటింట్లో తట్టింది. ఆ సాయంత్రం చారు పొంగి ఎడమ బర్నర్ మీద పడింది. మంట టపటపమని కొట్టుకుంటోంది, కుడివైపు మాత్రం నీలంగా నిలకడగా ఉంది. సిలిండర్ అయిపోతే రెండు బర్నర్లూ ఒకేసారి నీరసిస్తాయి. ఒక్కటే కొట్టుకుంటే తప్పు ఆ బర్నర్‌దే. ఇది మనకెవరూ నేర్పక్కర్లేదు కదా. వెంటనే ఆ ఫోటో గుర్తొచ్చింది. చేతులు తుడుచుకుని ఫోన్ తీశాను. తెర మీద పి0302 అని ఉంది. దాని అర్థం వెతికితే, చివరి అంకె సిలిండర్ నంబరట. అంటే రెండో సిలిండర్లో మంట సరిగా అందుకోవట్లేదని. ఇంజన్లో ఉన్న నాలుగు సిలిండర్లకీ పెట్రోలు తోసేది ఒకే పంపు. అది నీరసిస్తే నాలుగూ తడబడాలి గానీ, ఒక్క రెండోదే ఎందుకు?

బి.ఏ.లో ఛందస్సు బట్టీ పట్టాను. పద్యంలో నాలుగు పాదాలుంటాయి. ఒక పాదంలో గణం తప్పితే మాస్టారు ఆ పాదం దగ్గరే ఎర్ర సిరాతో గీత గీసేవారు, పద్యం మొత్తం కొట్టేసేవారు కాదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ చదువు ఇలా కారు బానెట్ దగ్గర పనికొస్తుందనుకోలేదు.

మా వారికి చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పర్లాకిమిడి ముసలాయన దగ్గరికి వెళ్దాం పద" అన్నారు. పెళ్ళికి ముందు ఆయన స్కూటర్ బాగుచేసిన మెకానిక్. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, మేం ఇటు ఉండిపోయాం. కానీ బళ్ళ రిపేర్లకీ పెళ్ళి చీరలకీ మాకు ఇప్పటికీ సరిహద్దు లేదు.

ముసలాయన ముందు పుస్తకం చదివాడు. నాకది చాలు, రిపేరు కాకపోయినా ఫరవాలేదనిపించింది. తర్వాత నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం సగం తిప్పాడు. "సీటు కింద ఏవైనా వినబడిందా అమ్మా?" నిజమే, రెండు సెకన్లు తేనెటీగలా 'జుయ్' మని మోగి ఆగింది. అదే పంపట. ఎన్నేళ్ళుగానో దాని మీద కూర్చుంటున్నాం, ఎప్పుడూ వినలేదు. మోగినంత మాత్రాన బాగున్నట్టు కాదని, పెట్రోలు గొట్టానికి గడియారం లాంటి మీటర్ తగిలించాడు. ఇంజన్ ఊరికే నడిచినా, గట్టిగా తొక్కినా ముల్లు ఉన్నచోటే ఉంది. "పంపుకి బలం లేపోతే తొక్కినప్పుడు ఈ ముల్లు పడిపోవాల" అన్నాడు. ఇథనాల్ మాట అడిగాను. పెట్రోల్లో నీళ్ళు చేరితే ఒక్క సిలిండర్నే ఏడిపించి ఊరుకోదన్నాడు.

"పొద్దుగూకాక రండి" అన్నాడు చివరికి. వెళ్ళాం. షెడ్డులో దీపం ఆర్పేసి, ఇంజన్ నడుస్తుండగా, ఇస్త్రీకి నీళ్ళు చల్లుకునే సీసా లాంటిదానితో ప్లగ్గుల తీగల మీద సన్నగా తుంపర కొట్టాడు. మమ్మల్ని దూరంగా నిలబెట్టాడు, ఆ తీగల్లో కరెంటు వేల వోల్టులట, నడుస్తున్నప్పుడు చెయ్యి పెట్టకూడదు. రెండో తీగ దగ్గర సన్నటి నీలి మెరుపు చిటచిటమని పాకింది. అదే క్షణంలో ఇంజన్‌కి నత్తి వచ్చింది. మిణుగురులు దారి తప్పి బానెట్లోకి వచ్చినట్టుంది. మా వారు "అబ్బ!" అన్నారు. అంతకు మించి ఇంకేమీ అనలేదు.

తీగని పట్టి ఉంచాల్సిన చిన్న ప్లాస్టిక్ క్లిప్పు ఎప్పుడో ఊడిపోయింది. తీగ ఊగి ఊగి ఇనుప అంచుకి రాసుకుని పైన తొడుగు చిట్లింది. పొడిగా ఉంటే కరెంటు ప్లగ్గుకే పోతోంది. చెమ్మ తగిలితే చిట్లినచోటు నించి పక్క ఇనుముకి దూకేస్తోంది. ఇంజన్ వేడెక్కి చెమ్మ ఆరాక మళ్ళీ మామూలే. నా పుస్తకంలో ఉన్నదంతా అదే. నాలుగు తీగలు, నాలుగు ప్లగ్గులు, ఒక క్లిప్పు, కూలితో కలిపి 1,900.

వచ్చేటప్పుడు ముసలాయన ఇంకో మాట అన్నాడు. ట్యాంకు ఎప్పుడూ అడుగంటనివ్వొద్దట. పంపు పెట్రోల్లోనే మునిగి ఉంటుంది, దాని వేడిని తీసేది ఆ పెట్రోలే. ఎప్పుడూ 300 కొట్టించి ఊరుకునే మనిషి ఎవరో నేను చెప్పను. ఆయన పక్కనే నిలబడి ఆకాశం చూస్తున్నారు. ఆ అలవాటు మానకపోతే ఈసారి నిజంగా పంపే పోవచ్చు, అప్పుడు 9,500 మారు మాట్లాడకుండా కట్టాలి.

తర్వాతి నెల శ్రీకాకుళం వెళ్ళేటప్పుడు సరవకోట దగ్గర మళ్ళీ అదే వాన. నా కాళ్ళు బిగుసుకుపోయాయి గానీ బండి మాత్రం నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. మావయ్య గారు కిటికీలోంచి పొలాల కేసి చూస్తూ చాలాసేపు ఊరుకున్నారు. నరసన్నపేట వస్తుండగా నెమ్మదిగా అన్నారు. "అమ్మా, ఆ పాల బుక్కులో నాదీ ఓ కాయితం రాయి."

"ఏం రాయను మావయ్యా?"

"పొద్దున్న లేచి నిలబడితే కళ్ళు తిరుగుతన్నాయి. రోజూ కాదు. పది రోజులై ఉంటాది." ఆగి, "నీకు మళ్ళీ కర్సు అని సెప్పనేదు" అన్నారు.

బండి పక్కకి ఆపాను. సంచిలోంచి పుస్తకం తీసి కొత్త పేజీలో గీతలు గీశాను. తేదీ, లేచిన వేళ, మాత్ర వేసుకున్న వేళ, తిన్నారా లేదా. ఆయన గుర్తున్నంత వరకూ చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ఇంజన్ ఆపడం మరిచిపోయాను. అది ఒక్కసారి కూడా తడబడలేదు.