ఇంటి బోనము

కృతజ్ఞత యను మాటకు వ్యుత్పత్తి చెప్పుచు బడిలో ఇరువదియేండ్లు గడపినవాడను. కృతమును, అనగా తనకొఱకు ఒరులు చేసినదానిని, ఎఱిగినవాడు కృతజ్ఞుడు. దానిని చంపువాడు కృతఘ్నుడు. చంపక, ఎఱుగక, ఊరక అనుభవించువాడు అకృతజ్ఞుడు. ఇంగ్లీషు గంటలో మఱొక ముచ్చట చెప్పుదును: వారి 'థాంక్' అను మాటయు 'థింక్' అను మాటయు ఒక్క వేరునుండి పుట్టినవి, తలపోయనివానికి కృతజ్ఞత లేదు. పిల్లలు ఈ రెండును వ్రాసికొని పరీక్షలో మార్కులు తెచ్చుకొనిరి. నేను మాత్రము పై మూడు తరగతులలో నా స్థానమేదియో నలువదవ యేడు దాటినపిదప గాని తెలిసికొనలేదు.

మా యిల్లు పురానాపూలు దర్వాజాకు దాపున నొక యిరుకు సందులో నున్నది. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా మూసీనదిపై కట్టించిన వంతెన అది. హైదరాబాదు నగరము పుట్టుటకు ముందే పుట్టిన వంతెన. ఆషాఢమున బోనాలు వచ్చినవనగా మా అమ్మ ఆ వంతెనమీది కూరగాయలవారితో బేరమాడి గుమ్మడికాయయు, నిమ్మకాయలును, వేపమండలును తెచ్చెడిది. సంచి మోయుట నా పని. సంస్కృతము చదివినవాడనను గర్వము కొంత యుండుటచే ఆ సంచిని నలుగురు చూడకుండ మోయవలెనని ప్రయత్నించెడివాడను.

నిజమునకు సిగ్గుపడవలసినదేమియు లేదు. భోజనమను సంస్కృతపదమే జనుల నోట నలిగి బోనమైనది. క్రొత్తకుండలో అన్నము, పాలు, బెల్లము వేసి వండి, కుండకు పసుపుకుంకుమలు పెట్టి, వేపాకు చుట్టి, మూతపై దీపము వెలిగించి, ఇంటి యాడువారు తలకెత్తుకొని గుడికి పోవుదురు. 1813 ప్రాంతమున ఇచ్చట కలరా ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో నున్న మన సిపాయిలు అచ్చటి మహాకాళికి మ్రొక్కుకొనిరనియు, రోగము శాంతించినపిదప తిరిగివచ్చి సికింద్రాబాదులో ఆమెను ప్రతిష్ఠించిరనియు చెప్పుదురు. గ్రామదేవతల పూజ అంతకంటె ప్రాచీనమే కావచ్చును. కాని మా నగరపు జ్ఞాపకములో బోనమనగా మహమ్మారి విడిచినందులకు చెల్లించు మ్రొక్కు. అమెరికావారు పంటలు చేతికందినపిదప నవంబరు నాలుగవ గురువారమున కృతజ్ఞతాదినము జరుపుకొందురు. మేము వానలు మొదలై రోగములు పొంచియుండు ఋతువున, పోయినయేడు కాచితివి, ఈయేడును కాపాడుమని తల్లికి అన్నము పెట్టుదుము.

పడుచుతనమున దీనిని పరిహసించెడివాడను. కలరా నీటివలన వ్యాపించునని లండనులో జాన్ స్నో అను వైద్యుడు 1854లోనే చూపెను గదా. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొన్నపిదప, 1920లో పూర్తియైన గండిపేట చెఱువు నగరమునకు వరదనుండి రక్షణయు, త్రాగుటకు నీరును ఇచ్చినది గదా. మ్రొక్కవలసినచో ఆ చెఱువునకు మ్రొక్కరాదా యని అమ్మతో వాదించితిని.

"గండిపేటకు గూడ మొక్కుత. నీకేమన్న అడ్డమా?" అనెను. నా వాదము అక్కడ ముగిసినది.

చదువుకొన్నవాడను గనుక నా దృష్టి గుడిమీదనే యుండెను. వంటయిల్లు నాకు కనబడలేదు. రోగము విడిచినందులకు చేయు పండుగ మా యింటిలో ఏటేట రోగమునకు ద్వారము తెఱచుచుండెనని గ్రహింపనైతిని. ఆ సంగతి తెలిసిన దినము 2018 బోనాల దినము.

అమ్మకు అప్పటికి అరువదియెనిమిదేండ్లు, పదేండ్లనుండి మధుమేహము. తెల్లవాఱుజామున మూడింటికి లేచెను. అలవాటు చొప్పున షుగరు గోలీ మ్రింగెను. బోనము చెల్లింపక మెతుకు ముట్టరాదు గనుక ఏమియు తినలేదు. గుడివద్ద వరుసలో రెండుగంటలకు పైగా నిలిచెను. ఇంటికి వచ్చునప్పటికి చుట్టములు నలువదిమంది. మాంసము, తలకాయకూర, గారెలు. మొదటి పంక్తి మగవారిది, రెండవది పిల్లలది, మూడవది వచ్చిన చుట్టములలోని యాడువారిది. ఇంటి యాడువారి పంక్తి యొకటి గలదని ఎవరును లెక్కవేసినవారు కారు. పగలు ఒంటిగంట దాటినది. గారెల మూకుడు ముందు అమ్మ చేయి వణకసాగెను. ఒళ్లెల్ల చెమట. పేరుపెట్టి పిలిచిన పలుకలేదు.

పెదనాన్న చూచి, "అమ్మవారొచ్చింది, తప్పుకోండి!" అని కేకవేసెను. ఎవరో ఆమె చేతికి వేపమండలిచ్చిరి. ఎవరో డప్పువానికొఱకు పరుగెత్తిరి. పెద్దమ్మ హారతిపళ్లెముతో ఎదుట నిలిచి, "తల్లీ, ఏం తక్కువ చేసినం, చెప్పు" అని అడుగుచుండెను. అమ్మ ఏమియు చెప్పలేక ఊగుచుండెను. రెండు భాషలలో పట్టములు పొందిన నేను గడపలో నిలిచి, ఇది పూనకమగునా కాదా యని ఆలోచించుచుంటిని. పూనకమునందు నమ్మకము లేనివాడనే. అయినను నలువదిమంది యెదుట కాదనుటకు నోరు రాలేదు. ఈ సంగతి ఇదివఱకెన్నడును వ్రాయలేదు.

గోడ కవతలి యింటి ముసలమ్మను మే మందఱము ఖాలా యని పిలుతుము. సందడి విని వాకిటికి వచ్చినది. ఆమె భర్తకును ఇదే వ్యాధి యుండెను. వైద్యులు వద్దన్నను ఆయన రంజానులో ఉపవాసములు విడువకపోవుటచే, సాయంకాలములందు ఇట్టి చెమటయు, ఇట్టి వణకును ఆమె పలుమాఱులు కన్నది. "అరే, శక్కర్ లావో! దేవి కాదు, షుగరు దిగిపోయింది!" అనుచు నలువదిమందిని త్రోసికొని లోపలికి వచ్చి, తానే గ్లాసులో చక్కెర కలిపి, అమ్మ గుటకవేయగలుగుట చూచి, కొద్దికొద్దిగా త్రావించెను. పావుగంటలో అమ్మ కన్ను నిలిపి మమ్ము గుర్తించెను. "గారెలు మాడుతున్నయేమో చూడండి" అనునది ఆమె మొదటి మాట.

ఆ సాయంకాలము ఖాలా యింటికి నాలుగు గారెలు పంపితిమి. అమ్మవారికి మేకపోతు, ఖాలాకు నాలుగు గారెలు.

మాత్ర మ్రింగిన పిదప వేళకు తినవలెను, తిననిచో ప్రాణమునకే ముప్పని వైద్యుడు మందలించెను. మఱుసటి సంవత్సరము అమ్మ ఆ మాటను తనకు తోచినట్లు పాటించెను: తినుటకు బదులు మాత్రయే మానివేసెను. మేము కనిపెట్టనే లేదు. నలువదిమందిలో ఎవరు ఎవరిని కనిపెట్టుదురు?

పిమ్మట 2020 వచ్చినది. మార్చి 25న దేశమంతయు తలుపులు మూసికొన్నది. మే 25న రంజాను పండుగ. నమాజులు ఇండ్లలోనే జరిగినవి. ప్రతియేడు ఖాలా మనుమడు షీర్ ఖుర్మా గిన్నెతో మా నట్టింటికి వచ్చెడివాడు. ఆ యేడు గిన్నెపై మూతపెట్టి పిట్టగోడమీద నుంచి, దూరముగా నిలిచి కేకవేసెను. అమ్మ దానిని మరల పొంగువచ్చునట్లు కాచి మాకు పెట్టెను. ఖాళీగిన్నె త్రిప్పి పంపరాదు గనుక, కడిగి, మామిడిపండ్లు వేసి, అదే గోడమీద నుంచెను. ఇచ్చిపుచ్చుకొనుట ఆగలేదు, రోగమునకును దారి దొరకలేదు. బోనాలకు దారి మాకు ఆ గోడమీదనే కనబడినది.

జూనులో ప్రభుత్వమువారు గుడులలో పూజారులే బోనములు సమర్పింతురనియు, ప్రజలు ఇండ్లలోనే జరుపుకొనవలెననియు ప్రకటించిరి. చుట్టముల కందఱకు నేను ఫోను చేసితిని. పెదనాన్న సంతోషించెనో యేమో, సరే యనెను. అక్క మాత్రము ఒప్పుకొనలేదు. బోనాలకు ఆడబిడ్డ పుట్టింటికి రాకుండుట మా యింట ఎన్నడును లేదు. "పుట్టింటికి రావద్దని తమ్ముడు చెప్పే రోజొచ్చింది" అని ఫోను పెట్టివేసెను.

జూలై 19, ఆదివారము. ఉదయము ఏడున్నరకు అక్క బావతో స్కూటరుమీద వచ్చి సందు మొగన దిగెను. చేతిలో బోనపుకుండ. అమ్మ వాకిట నిలిచినది; ఇద్దఱి నడుమ ఇరువదియడుగులు. అక్క ముందుకు రాలేదు, ఒక్క మాటయు పలుకలేదు. కుండ నెత్తి చూపి, అక్కడనే నేలపై సాకపోసి, వెనుదిరిగి పోయెను. అమ్మ చాలసేపు కొంగుతో కన్నులు తుడుచుకొనుచుండెను. రావద్దనుట సరియైనదనియే నేటికిని నా యభిప్రాయము. అక్కకు ఉబ్బసము, ఇక్కడ అమ్మకు మధుమేహము. కాని ఆ మాటను ఫోనులో చెప్పి చేతులు దులుపుకొంటిని. ఆమె యింటి గుమ్మము ముందు నిలిచి చెప్పవలసినది.

మేము మిగిలినది అయిదుగురము: అమ్మ, నేను, నా భార్య, పిల్ల లిద్దఱు. తూర్పుగోడకు పసుపుపూసి, బొట్లుపెట్టి, ఎనిమిదింటికి బోనము సమర్పించితిమి. ఎనిమిదిన్నరకు అంతయు ముగిసినది. వరుసలేదు, త్రోపులాట లేదు. నా భార్య అయిదు విస్తళ్లు వేసెను. అమ్మ గరిటె పట్టుకొని నిలువబడియే యుండెను.

"నేనెట్ల కూసుంట? వడ్డించేదెవరు?"

వడ్డించుటకు ఎవరును మిగులలేదు గనుకనే కూర్చుండవలసి వచ్చినది. గిన్నెలన్నియు నడుమ పెట్టుకొని ఎవరికి కావలసినది వారు వేసికొంటిమి. అమ్మ మాత్ర వేసికొని, అన్నము కలిపి, ఆవిరి పోవుచున్న ముద్దను చేతిలో నుంచుకొని కొంతసేపు చూచెను. "పండుగనాడు బువ్వ ఇంత వేడిగ తిని ఎన్నేండ్లాయెనో" అనెను. ఆ మాటకు నా భార్య తలయెత్తి అమ్మను చూచి, పిదప నన్ను చూచెను. మా యింట ఆమెకు అది పదునేడవ బోనాలు. నాకు ముద్ద దిగలేదు.

ఆ దినమున మాంసము కిలోయే వండితిమి. అంతకు మునుపు ఉదయము వండిన కూర సాయంకాలమువఱకు మూతలక్రింద నుండెడిది. చివరికి తినువారికి చల్లారినదియు, చెడుటకు సిద్ధముగా నున్నదియు దక్కెడిది. వండిన మాంసము ఆషాఢపు ఉక్కలో రెండుగంటలకు మించి బయట నుంచరాదని నేను బడిలో ఆరోగ్యపాఠము చెప్పుచునే యుంటిని. బోనాల మఱునాడు మా యింటిలో కడుపునొప్పి ఎప్పుడును ఆడువారికే వచ్చుటకు కారణ మదియని పాఠము చెప్పువానికే తట్టలేదు.

ఆ నవంబరులో డల్లాసునుండి తమ్ముడు మాటలాడెను. అక్కడి రోగనివారణశాఖవారు కృతజ్ఞతాదినమున ప్రయాణములు మానుకొని, ఒక్క కప్పుక్రింద నివసించువారితోనే పండుగ చేసికొనుట క్షేమమని సలహా యిచ్చిరట. ప్రతియేడు పది కుటుంబములవారు వీరి యింట కూడెడివారు. ఈమాఱు టర్కీ కోడికి బదులు చిన్న కోడి, గుమ్మడికాయ తీపిరొట్టె, నలుగురు మనుష్యులు. ఇల్లు బోసిగా నున్నదని విచారించుచుండెను. అమ్మ ఫోను పుచ్చుకొని, మరదలిని పిలిపించి, ఆ పండుగ ఏమిటో అడుగకయే, "వండినదానివి నువ్వే గద బిడ్డా, నువ్వు ముందు కూసో. వాళ్లే పెట్టుకొని తింటరు" అనెను. గోడ కిటువైపునుండి నేను వింటిని.

2022లో నలువదిమందియు మరల వచ్చిరి. సందడి వచ్చినందులకు సంతోషమే. చుట్టములు లేని పండుగ పండుగ కాదని నేను వాదింపను. చిక్కంతయు గుడి వరుసతో వచ్చినది. అమ్మ ఎనిమిదింటికి ఇంట బోనముపెట్టి తినవలెనని నేనంటిని. అక్క మండిపడెను. "గుడిల తల్లికి పెట్టకముందే ఇంట్ల తింటదా? ఇదేం చదువు నీది?" నాయొద్ద సమాధానము లేదు, శాస్త్రమున వెదకిన దొరకదు. అమ్మయే కలుగజేసికొన్నది.

"ఆ ఏడు ఇంట్ల పెట్టిన బోనం తల్లికి అందలేదంటవా? అందకపోతే మనం బతికి ఉంటిమా? అప్పుడందింది, ఇప్పుడందదా?"

ఇంతటి ప్రమాణమునకు మీమాంసకులును బదులు చెప్పలేరు. అప్పటినుండి ఇంటిబోనము మొదట. అమ్మ తినినపిదప, కోడండ్రును మనుమరాండ్రును రెండవ బోనము నెత్తుకొని గుడికి పోవుదురు. వడ్డన నాదియు, బావదియు. మాకు చేతగాదని మొదటి యేడు అందఱు నవ్విరి, పప్పు నేలపాలైనది. ఇప్పుడు కొంత నయము. పొయ్యి యార్పక, కూరను వాయివాయికి వేడిచేసి తెత్తుము. ఖాలాకు నడక తగ్గినది. ఆమెకు కావలసినవి అమ్మ తానే తీసికొనిపోయి, ఎదుట కూర్చుండి, ఆమె తినువఱకు లేవదు.

అక్క కోపము పూర్తిగా పోలేదు. సందు మొగనుండి తిరిగిపోయిన సంగతి ఏడాదికొక్కసారియైనను ఎత్తుచునే యుండును. అయినను బోనాలనాడు ఆమె యింట బయలుదేఱకముందే, ఎనిమిదిన్నరకు, మా ఫోను మ్రోగును. కుశలప్రశ్న లేదు, నా పేరు లేదు.

"అమ్మ తిన్నదా?"