మొవ్వాకు పసుపు తిరిగితే

డేలిలీకి చావు లేదని అమెరికా తోటమాలుల నమ్మకం. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. జార్జియా పల్లె రోడ్ల వెంట, కాలువ గట్ల మీద, మనుషులు వదిలేసి వెళ్ళిన ఇళ్ళ వాకిళ్ళలో, నీళ్ళు పోసేవాళ్ళూ ఎరువు వేసేవాళ్ళూ లేకుండానే వేసవి మొదట్లో నారింజ రంగు పూలు పొడుగాటి కాడల మీద విరగబూస్తాయి. ఆ రకం విత్తనం కట్టదు. భూమిలోపల పాకే కాండాలతోనే ఒక్క దుబ్బు నుంచి గట్టంతా కమ్ముకుంటుంది. చైనా, కొరియా, జపాన్ ప్రాంతాల్లో పుట్టిన మొక్క పరాయి నేల మీద అంత మొండిగా బతుకుతుంటే, ఇంటి ముందు మడిలో ముద్దుగా పెంచుకున్నది మాత్రం జూలై నెలలో వారం తిరక్కుండా కుళ్ళి కూలిపోతుంది.

అట్లాంటాకు ఉత్తరాన మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏటా ఇది చూస్తున్నాను. వెనక పెరట్లో బెండ, గోంగూర, సొరపాదు. ముందు వాకిట్లో డేలిలీలు. పెరట్లో దేనికి తెగులొచ్చినా ఊళ్ళో నాన్నకో మామకో ఫోన్ చేసి అడుగుతారు. పూలమొక్కకు వస్తే అడగరు. ఆ మొక్క గురించి ఊళ్ళోవాళ్ళకేం తెలుస్తుందని. తిన్నగా దుకాణానికి వెళ్ళి, బొమ్మ చూసి ఒక సీసా తెచ్చి కుదుట్లో పోస్తారు. అది ఏ కుళ్ళో తేల్చుకోకుండా పోసిన మందు వల్ల మొక్క బతకగా నేను చూడలేదు. పైగా అసలే తడి ఎక్కువై బాధపడుతున్న మొక్కకు ఆ నీళ్ళు ఇంకా చేటు.

ముందు మొక్క కట్టుబడి తెలియాలి. పేరులో లిల్లీ ఉన్నా దీనికి ఉల్లిగడ్డలాంటి గడ్డ ఉండదు. ఆకులు ఎదురెదురుగా పేర్చినట్టు వచ్చే ఒక్కో పిలకకు అడుగున కుదురు ఉంటుంది. ఆకులూ వేళ్ళూ కలిసే ఆ తెల్లటి గట్టి ముక్కలోనే మొక్క ప్రాణమంతా ఉంది. ఆకులన్నీ కోసేసినా మళ్ళీ చిగురిస్తుంది. వేళ్ళు సగం పోయినా కోలుకుంటుంది. కుదురు లేని వేరు మాత్రం, ఎంత బలంగా ఊరి ఉన్నా, మొలవదు. కాబట్టి మన పరీక్ష కుదురు దగ్గరే జరగాలి, ఆకు కొసల దగ్గర కాదు.

ఆకు పసుపు తిరిగిందని కంగారుపడి మంచి మొక్కను తవ్వి పారేసినవాళ్ళూ ఉన్నారు. పూత అయిపోయాక అడుగు ఆకులు, బయటివైపు ఆకులు పండిపోవడం ఈ మొక్క స్వభావం. లాగితే చేతికొస్తాయి, అంతే. ఆకు కొస నుంచి నడిమి ఈనె వెంట పసుపు గీత కిందికి దిగి, ఎండి, గోధుమరంగుకు మారితే అది ఆకుచార తెగులు. చూడ్డానికి బాగుండదు గానీ మొక్కను చంపదు. ఆకు వెనక వేలితో రాస్తే నారింజ పొడి అంటితే అది తుప్పు తెగులు. 2000లో అమెరికాలో తొలిసారి బయటపడి డేలిలీ పెంపకందారులను హడలెత్తించింది. అదీ కుళ్ళు కాదు. భయపడాల్సింది వేరే చోట. బయటి ఆకులు పచ్చగా ఉండి మొవ్వాకు పసుపు తిరిగిందంటే, లేదా పిలక మొత్తం ఒక పక్కకు వాలిందంటే, ఆ రోజే కూర్చుని చూడాలి.

చూడ్డానికి పరికరాలేం అక్కర్లేదు. మొవ్వాకును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగండి. ఆరోగ్యంగా ఉంటే తెగుతుంది గానీ ఊడి రాదు. తేలిగ్గా జారి చేతికొచ్చి, అడుగు కొస గోధుమరంగులో మెత్తగా ఉంటే, వాసన చూడండి.

కుళ్ళిన బంగాళాదుంప కంపు కొడితే అది బాక్టీరియా తెచ్చే మెత్తకుళ్ళు. ఆ కంపు పోలిక కోసం చెప్పింది కాదు. గోతాంలో బంగాళాదుంపనూ, క్యారెట్‌నూ, ఉల్లిగడ్డనూ ముద్ద చేసే పెక్టోబాక్టీరియం జాతి బాక్టీరియానే ఇక్కడా ఉంటుంది. కణానికీ కణానికీ మధ్య అతుకులా ఉండే పెక్టిన్‌ను అది కరిగించేస్తుంది. అతుకు ఊడిన కణజాలం జావ అయిపోతుంది. గాయం లేనిదే ఇది సాధారణంగా లోపలికి పోలేదు. పార తగిలిన చోటు, విడదీసినప్పుడు విరిగిన కుదురు, పురుగు కొరికిన కంత, ఏదో ఒక దారి కావాలి. దారి దొరికాక వేడి, తడి రెండూ కలిస్తే చాలు. కుదురు లోపలికి చేరిన ఈ బాక్టీరియాను చంపే మందు ఏ దుకాణంలోనూ లేదు. కత్తితో కోసి తీసేయడమొక్కటే దారి.

కంపు అంతగా లేకుండా, మట్టి మట్టానికి ఆకుల మొదళ్ళను చుట్టుకుని తెల్లటి దారాలు విసనకర్రలా పరుచుకుని ఉంటే, అది రెండో రకం. ఆ దారాల మధ్య చిన్న చిన్న గుండ్లు కనిపిస్తాయి, ముందు తెల్లగా, రెండు మూడు రోజుల్లో ఆవగింజ రంగుకు తిరుగుతూ. నేను తొలిసారి దాన్ని చూసినప్పుడు ఫోటో తీసి కదిరి దగ్గర వేరుశనగ పండించే మా చిన్నాయనకు పంపాను. అది ఏ మొక్కో ఆయనకు తెలియదు. అడగనూ లేదు. వెంటనే ఫోన్ చేశాడు.

"మొదుట్లో ఆవాలు మాదిరి ఉండాయి కదమ్మా, చూసినావా?"

"ఉన్నాయి చిన్నాయనా."

"అయితే అది మన సెనక్కాయల్లో వచ్చే మొదలు కుళ్ళే. ఆ ఆవాలు మట్టిలో పడనీయాకు. పన్నెయంటే ఏండ్ల తరబడి నిన్ను ఇడిసిపెట్టవు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 1892లో ఫ్లోరిడాలో పీటర్ హెన్రీ రోల్ఫ్స్ టమాటా మొక్కల మీద ఈ తెగులును వర్ణించాడు. 1911లో ఇటలీ శాస్త్రవేత్త సక్కార్డో ఆయన పేరు మీదే దానికి స్క్లెరోషియం రోల్ఫ్సీ అని పేరుపెట్టాడు. దానికి లోకువ కాని మొక్క తక్కువ. 500కు పైగా జాతులను పట్టుకుంటుంది. అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ మొదలును కొరికే బూజూ, అమెరికాలో వేరుశనగ పంటకు మొదటి స్థానంలో ఉన్న జార్జియాలో రైతులు తెల్లబూజు అని పిలిచేదీ, మా వాకిట్లో డేలిలీ కుదురును తినేదీ ఒకటే. ఇది ముందుగా ఆక్సాలిక్ ఆమ్లాన్ని వదిలి కణాలను చంపుతుంది, తర్వాత చచ్చిన చోటికి తాను పాకుతుంది. అందుకే దారాలు మన కంటబడేసరికే లోపల నష్టం జరిగిపోయి ఉంటుంది. ఎండ 30 డిగ్రీలు దాటి, వానలు పడుతూ, గాలి ఆడని చోట ఇది చెలరేగిపోతుంది. గాలిలో ఎగిరి రాదు. మట్టితో, పారతో, బూట్లతో, కొని తెచ్చిన మొక్క వేళ్ళతో వస్తుంది. ఊళ్ళో రైతుకూ ఇక్కడి తోటమాలికీ ఇంత ఉమ్మడి జ్ఞానం ఉండగా, పూలమొక్క కదా అని మనవాళ్ళను అడక్కపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ రెండూ కాక ఫ్యుజేరియం బూజు తెచ్చే పొడికుళ్ళు కూడా ఒకటుంది. మెల్లగా నడుస్తుంది, కోస్తే లోపల గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. దానికి చేసే చికిత్సా ఇదే.

చికిత్స అంటే కోత. దుబ్బు మొత్తం తవ్వి తీయండి. వేళ్ళకున్న మట్టంతా ధారగా పారే నీళ్ళతో కడగండి. మట్టి ఉండగా కోస్తే ఏది కుళ్ళో ఏది మట్టో తెలియదు. ఆకులను జానెడు ఉంచి కత్తిరించండి. పిలకలను కత్తి లేకుండా వేళ్ళతోనే విడదీయండి, వాటంతట అవి విడిపోయే చోటు ఉంటుంది. తర్వాత పదునైన కత్తితో మెత్తబడిన భాగమంతా తీసేస్తూ పోవాలి, కోసిన చోట తెల్లగా, గట్టిగా, తడి లేకుండా కనిపించేదాకా. ఇక్కడే చాలామందికి చేయి ఆడదు. కొత్త రకాలకు ఒక్కో పిలక వంద డాలర్లు దాటి పలికేవీ ఉన్నాయి, మనసొప్పదు. కానీ వేలి గోరంత గోధుమరంగు వదిలినా అది మిగతాదాన్ని తినేస్తుంది. కుదురులో పావు భాగం, దానికి రెండు మూడు వేళ్ళు మిగిలితే చాలు, ఏడాది తిరిగేసరికి మళ్ళీ పిలకవుతుంది. ఒక్కో పిలక కోశాక కత్తిని స్పిరిట్‌తో తుడవడం మరిచిపోవద్దు.

ఒక పాలు బ్లీచ్‌కు 9 పాళ్ళ నీళ్ళు కలిపి, ఆ పిలకలను 10 నిమిషాలు ముంచి, మంచినీళ్ళతో కడగాలి. ఇది పైనున్న క్రిములను చంపుతుందే గానీ లోపల మిగిలిన కుళ్ళును నయం చేయదు. కొందరు కోసిన చోట గంధకం పొడి, కొందరు దాల్చినచెక్క పొడి అద్దుతారు. నాకు వాటికంటే ఆరబెట్టడం మీద గురి ఎక్కువ. నీడలో, గాలి తగిలే చోట, వైరు జల్లెడ మీద పరిచి వారం రోజులు వదిలేయండి. వడిలిపోతాయని భయం వద్దు. డేలిలీ వేళ్ళు నీళ్ళు దాచుకుంటాయి. ఇక్కడి నర్సరీలు మట్టి లేకుండా కాగితంలో చుట్టి ఈ మొక్కలను దేశమంతా పోస్టులో పంపుతాయి. కోసిన చోటు ఎండి పొరలా గట్టిపడ్డాకే మట్టిలో పెట్టాలి.

పెట్టేది పాత చోట కాదు. మొదలు కుళ్ళు అయితే చుట్టూ జానెడు మేర మట్టి తవ్వి, ప్లాస్టిక్ సంచిలో కట్టి చెత్తబండికి వేయండి. కంపోస్టు కుప్పలో వేస్తే తోటంతటికీ పంచిపెట్టినట్టే. వేసవి నడిమి నాలుగైదు వారాలు ఆ మడిని తడిపి, పలచటి పారదర్శక పాలిథీన్ షీటు కప్పి, అంచులు మట్టిలో పాతిపెడితే ఆ వేడికి పైమట్టిలో ఉన్న బూజు గుండ్లు చాలామటుకు చస్తాయి. మా చిన్నాయన వేరుశనగ వేసేముందు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, పది పదిహేను రోజులు నీడలో తడి ఆరకుండా మాగబెట్టి పొలంలో చల్లుతాడు. ట్రైకోడెర్మా మంచి బూజు, చెడ్డ బూజును తింటుంది. ఇక్కడా దొరుకుతుంది, చిన్న మోతాదులో అలాగే చేసుకోవచ్చు. అయితే అది రాకుండా కాపాడేదే, వచ్చినదాన్ని మాన్పేది కాదు.

రావడానికి కారణాలు వెతికితే చాలావరకు మన చేతుల్లోనే ఉంటాయి. జార్జియా ఎర్రమట్టి బంకమట్టి, వానపడితే నీళ్ళు వదలదు. మడిని జానెడు ఎత్తు చేసి నాటాలి. కుదురు మట్టిలో అంగుళం కంటే లోతుకు పోకూడదు. వాకిళ్ళలో చెక్కపొట్టు మల్చ్ గుట్టలుగా పోసి మొక్క మెడదాకా కప్పేస్తారు. అక్కడ తడి ఆరదు, బూజుకు అంతకంటే ఏం కావాలి? చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచాలి. పచ్చిక కోసం వేసే నత్రజని ఎరువు పడితే ఆకు పెరుగుతుంది గానీ కణజాలం లేతబారి రోగానికి లొంగుతుంది. అన్నిటికంటే పెద్ద కారణం అదను తప్పి నాటడం. పూత అయిపోయిన జూలై, ఆగస్టుల్లో దుబ్బులు విడదీసి పంచుకోవడం ఇక్కడ అలవాటు. ఉత్తరాది రాష్ట్రాల్లో అది సరిపోవచ్చు. ఎండ 32 డిగ్రీలు దాటే మా వైపు మాత్రం గాయపడ్డ కుదురును వేడిమట్టిలో పెట్టి రోజూ నీళ్ళు పోస్తే కుళ్ళు రాక ఏమవుతుంది? ఎండలు తగ్గాక సెప్టెంబరు చివర, అక్టోబరు అయితే మేలు.

ఇంత శ్రమ ఒక పూలమొక్క కోసమా అని అడిగేవాళ్ళకు నా దగ్గర జవాబుంది. నాంకింగ్‌లో వృక్షశాస్త్రం చెప్పిన ఆల్బర్ట్ స్టీవర్డ్ చైనా నుంచి పంపిన మొక్కలతో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో ఆర్లో స్టౌట్ ఏళ్ళ తరబడి సంకరం చేశాడు. 1934లో ఆయన పుస్తకం వచ్చేదాకా తోటల్లో ఎక్కువగా పసుపు, నారింజ రంగులే. ఇవాళ్టి ఎరుపులూ గులాబీలూ ఊదాలూ ఆ పని నుంచి నడిచి వచ్చినవే. పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకునే పువ్వు కోసం మనుషులు అంత కాలం వెచ్చించారు. వారం రోజులు జల్లెడ మీద ఆరబెట్టడం మనకు భారమేమీ కాదు.

చూసినా తేలకపోతే జార్జియా విశ్వవిద్యాలయం వారి ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంది, మన కృషి విజ్ఞాన కేంద్రంలాగే. మొక్కను మట్టితో సహా సంచిలో పట్టుకెళ్తే కొద్దిపాటి రుసుముకు పరీక్ష చేయించి చెబుతారు.

ఇక ఒక్క మనవి. స్నేహితులకు పిలక ఇచ్చేటప్పుడు వేళ్ళు కడిగి, మట్టి లేకుండా ఇవ్వండి. ఊరికి వెళ్తూ అమ్మకో అత్తకో ఒక పిలక సూట్‌కేసులో పెట్టుకుపోదామని మాత్రం అనుకోకండి. దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా ఏ మొక్కనూ భారతదేశంలోకి తీసుకుపోకూడదు.