మనుమడి డ్రాఫ్టు

2018 వేసవిలో మేమిద్దరమూ అమెరికాలో పెద్దబ్బాయి ఇంట ఉన్నాము. ఆగస్టులో ఒకనాడు మనుమడు రెండు పత్రికలు మా ముందు పెట్టి, "తాతా, అవ్వా, మొదట ఎవర్ని తీసుకోను? చదివి చెప్పండి" అన్నాడు.

అక్కడి ఫుట్‌బాల్ మన కాలిబంతి కాదు. బంతి చేతబట్టి పరుగెత్తే ఆట. పదిమంది స్నేహితులు వంతులవారీగా ఆటగాళ్ల పేర్లు ఏరుకొంటారు. అదే డ్రాఫ్టు. ఆ ఆటగాళ్లు మైదానంలో ఆడినదాన్ని బట్టి వీరికి పాయింట్లు వస్తాయి.

రెండు పంచాంగాలు సరిచూచే అలవాటు మాకున్నదే గదా అని కూర్చున్నాము. ఒక పత్రికలో రంగుల బొమ్మలు, వరుస సంఖ్యలు. రెండవదానిలో ప్రతి పేరు కిందా కారణం. పిట్స్‌బర్గ్ జట్టు లెవియాన్ బెల్ రెండింటిలోనూ ముందువరుసలోనే ఉన్నాడు. ఒడంబడికపై అతడింకా సంతకం పెట్టలేదని రెండవదానిలో ఒక్క వాక్యం ఉన్నది. మేము దాన్ని దాటిపోయి బెల్ పేరే చెప్పాము. ఆ ఏడు అతడు ఒక్క ఆటైనా ఆడలేదు. పిల్లవాడు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. మాకు అదే ఎక్కువ బాధ.

అప్పటినుంచి మేము ముందుగా పత్రిక అచ్చయిన నెల చూస్తాము. జూన్ పత్రికకు ఆగస్టు గాయాలు తెలియవు. బంతి అందుకొన్నందుకు వాళ్ల పందెంలో పాయింటు ఉన్నదా లేదా అని అడిగి, ఆ లెక్కన వేసిన పట్టికే తీసుకొంటాము. ఆ తరువాత సంఖ్య వదలి కారణం చదువుతాము.

ఏటా ఆగస్టులో వాడి ఫోను వస్తుంది. మొదటి మాట ఒకటే: "తాతా, సంతకం పెట్టాడా?"